తొమ్మిది గింజల మొక్కు

సుజన చేతిలో ఆ కాగితం ఇంకా అలాగే ఉంది. కాటుక అనే గుర్రం నెత్తురు పరీక్ష కాగితం. పోయిన వారం మనం ఆమెను చాంద్రాయణగుట్ట సందులో, సీతారాం నడిపే గుర్రపు స్వారీ బడిలో, లాయం గుమ్మం ముందు ఆ కాగితాన్ని మూడోసారి చదువుకుంటూ ఉండగా వదిలిపెట్టాం. అడుగున డాక్టరు ఎర్ర సిరాతో గీకిన ముక్కలు రెండే. యూరియా ఎక్కువ. ప్రోటీన్ తగ్గించండి.

తను ఎక్కువ పెడితే కదా తగ్గించడానికి!

కథ మధ్యలో వచ్చినవారికి నాలుగు మాటలు చెప్పి ముందుకు నడుస్తాను. కాటుక ఏడేళ్ల నల్ల గుర్రం, ఆడది, ఆ బడిలో ఉన్న పదకొండింటిలోకీ అందగత్తె. సుజన బస్సు డిపో మెకానిక్ డానియేలు కూతురు. పశువుల పాలిటెక్నిక్ చదివి, మూడు నెలల కిందట గుర్రాల దాణా చూసే పనిలో చేరింది. చేరిన వారానికే నలభై ఏళ్లుగా సాగుతున్న ఉలవ గుగ్గిళ్ల బకెట్లను ఆపించింది. ఎండుగడ్డి ఇంత, ఓట్స్ ఇంత, గోధుమ తవుడు ఇంత, సోయా పిడికెడు అని ఒక్కో గుర్రానికి ఒక్కో కాగితం రాసి గోడకు అంటించింది. పది గుర్రాలు నెలన్నర తిరగకుండా మెరుపెక్కాయి. కాటుక మాత్రం చెడింది. మూడు చుట్లు తిరిగితే ఒళ్లంతా చెమట నురగ కడుతోంది, రోజుకు ఆరు బకెట్ల నీళ్లు తాగుతోంది, దాని గదిలోకి వెళితే మూత్రం ఘాటుకు కళ్లు మండుతున్నాయి.

"చదువుకున్న పోరి గుర్రాన్ని ఎండబెట్టి సంపుతున్నది" అని పెద్ద సాయిసు గుండయ్య నలుగురిలో అన్నాడు. సాయిసు అంటే గుర్రాన్ని కడిగి, తోమి, మేపి, కాపాడేవాడు. ఆయన మాటకు ఆ సందులో తిరుగులేదు. సీతారాం ఇద్దరి మాటా విని గడువు పెట్టాడు. శ్రావణం ఆఖరి ఆదివారం కాటుక మైదానంలో పన్నెండు చుట్లు నురగ కక్కకుండా తిరగాలి. తిరగకపోతే పెళ్లి ఊరేగింపుల ప్రేమ్‌రాజ్‌కు దాన్ని అమ్మేస్తాడు, సుజన ఇంటికి పోవాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు పెద్దలు. దాణా వేసేవాళ్లే గుడ్డివాళ్లయితే సంగతేమిటో మాత్రం వాళ్లు చెప్పిపోలేదు.

ఆ శుక్రవారం పొద్దున సుజన ఇక ఆగలేకపోయింది. కాగితం పట్టుకుని నేరుగా గుండయ్య దగ్గరికి పోయింది. ఆయన కాటుక మెడ తోముతున్నాడు.

"కాకా, ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యొద్దు."

"అడుగు."

"నా ఎనకంగ దీనికి గుగ్గిళ్లు పెడుతున్నవా?"

తోముడు ఆగింది. గుండయ్య బ్రష్షును కింద పెట్టలేదు, విసిరాడు. అది గోడకు తగిలి రెండు ముక్కలైంది.

"ఏమన్నవ్? మల్లొక్కసారి అను."

"దీని నెత్తుర్ల యూరియా ఎక్కువున్నది, ప్రోటీన్ తగ్గించుమని డాక్టర్ సాబ్ రాసిండు. నేనేసేది సరిపోను ఉన్నది గంతే. మిగతాది యాడికెల్లి వస్తున్నది? ఈ లాయంల నువ్వు కాక దీన్ని ముట్టేటోళ్లు ఎవరున్నరు?"

"నలభై ఏండ్లు, బిడ్డా! నలభై ఏండ్లల్ల ఒక్క దినం దొంగ పని చెయ్యలే. నీ తరీఖా నాకు నచ్చలే, అది నీ మొఖం మీదనే చెప్పిన. కాని దొంగసాటుగ దాణా ఏసే మనిషినా నేను?" ఆయన కాటుక నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు. "దీని మీద ఒట్టు. నీ కాగితంల లేని దాణా ఒక్క గింజ దీని నోట్లె పెట్టలే."

సుజనకు ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకంటే ఆయన అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలిసిపోయింది. గుర్రం మీద ఒట్టు పెట్టి గుండయ్య అబద్ధమాడడు. మరి ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వస్తోంది? ఎవరినీ నమ్మలేక, ఎవరినీ అనుమానించలేక, మర్నాడు పొద్దుటి నుంచి కాటుకను వదిలి కదలకూడదని తీర్మానించుకుంది. మామూలుగా శనివారాలు ఆమె బేగంబజార్‌లో దాణా సరుకు కొనడానికి పోతుంది. మిగతా రోజుల్లో పది నుంచి పన్నెండు దాకా ముందు మైదానంలో కొత్తవాళ్ల క్లాసు దగ్గర ఉంటుంది, సాయంత్రం కాకముందే ఇంటికి పోతుంది. ఈసారి బజారుకు ఎగనామం పెట్టి, కాటుక గదిలో గడ్డిమోపు మీద కూర్చుంది.

తొమ్మిదిన్నర దాకా ఏమీ జరగలేదు. కాటుక ఒక బకెట్ నీళ్లు తాగింది, తోక విసిరింది, సుజన చున్నీ కొరికింది. పదింటికి గుండయ్య వచ్చాడు. నిన్నటి కోపం ముఖం మీద అలాగే ఉంది. ఆమెను చూసీ చూడనట్టు వెళ్లి, వెనక గోడకున్న చెక్క కిటికీ గడియ తీసి, రెండు తలుపులూ బార్లా తెరిచాడు. ఆ కిటికీ వెనక సందులోకి ఉంది. కాటుక చెవులు నిక్కబొడుచుకుని, అలవాటైన పనిలా తల బయటికి పెట్టింది.

సందులో జనం వరుసగట్టి ఉన్నారు.

ఆడవాళ్లు, మగవాళ్లు, ఆఫీసు బ్యాగులవాళ్లు, ఆటో పక్కనాపి దిగినవాళ్లు. కిటికీ పక్కన పీట వేసుకుని, పెద్ద బేసిన్ నిండా నానబెట్టిన నల్ల శనగలతో సక్కుబాయి కూర్చుని ఉంది. దొన్నె ఇరవై రూపాయలు. కొన్నవాళ్లు కొన్నట్టు కాటుక మూతి ముందు పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుని పోతున్నారు. కాటుక మాత్రం కళ్లు మూయడం లేదు. దొన్నె వచ్చిన ప్రతిసారీ ఊడ్చి నాకుతోంది.

సుజన గడ్డిమోపు మీంచి దిగ్గున లేచింది.

"కాకా! ఇదేంది?"

"ఏముంది, మొక్కు" అన్నాడు గుండయ్య. "శని పట్టినోళ్లు నల్ల గుర్రానికి నల్ల శనగలు పెడ్తరు. మా నాయిన కాలం నుంచి ఉన్నదే. మొన్న ఎవడో యూట్యూబ్‌ల అయ్యవారు నలభై ఒక్క దినాలు పెట్టుమన్నడట. రెండు నెలలాయె, రోజు వస్తున్నరు. శనివారం జర ఎక్కువ."

"మరి నిన్న ఒట్టు పెట్టినవ్ గదా! దాణా ఒక్క గింజ పెట్టలేదని?"

గుండయ్య ఆమెను నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "పెట్టలే. ఇది దాణా కాదు గదా. మొక్కు శనగలు దాణా ఎట్లయితయ్?"

నవ్వాలో ఏడవాలో తెలియని సమయాలు మనిషికి కొన్నే వస్తాయి. సుజన ముందు నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది, ఆ తర్వాత దాణా గదిలోకి పరుగెత్తి త్రాసు పట్టుకొచ్చింది. ఒక దొన్నెను తూచింది. ఎనభై గ్రాములు. పక్కన నిలబడి లెక్కపెట్టింది. పన్నెండు కొట్టేసరికి నలభై మూడు దొన్నెలు. సాయంత్రానికి ఇంకో అంత వస్తారని సక్కుబాయే సంతోషంగా చెప్పింది. నీళ్ల బరువు సగం తీసేసినా మూడు కిలోల పైన శనగలు. కాటుకంత గుర్రానికి, అది చేసే పనికి, రోజుకు ఆరున్నర వందల గ్రాముల మాంసకృత్తులు చాలు. అవి సుజన కాగితంలోనే ఉన్నాయి. దేవుడి పేరు మీద ఇంకో గుర్రానికి సరిపడినన్ని కిటికీలోంచి వచ్చి పడుతున్నాయి.

సుజన సందులోకి పోయి కిటికీ తలుపు ఒకటి మూసింది. లొల్లి మొదలైంది.

"ఏయ్, ఏందమ్మా? గంట నుంచి నిలబడ్డం!"

"ముప్పై తొమ్మిదో దినం నాది! ఇప్పుడు ఆపితే మల్ల మొదటి నుంచి చెయ్యాల్నా?"

"మా ఆయన ప్రమోషన్ ఆగింది, తల్లీ. నీకేం తెల్సు?"

అన్నిటికన్నా గట్టిగా అరిచింది సక్కుబాయి. "నా పొట్ట కొడుతవా, పోరీ? ఆఫీసుల కూసొని కాగితాలు రాసుకోక ఈడికెందుకొచ్చినవ్?"

సుజన మూసిన తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"అక్కా, అన్నా, ఒక్క నిమిషం వినుండ్రి. మీ మొక్కు నేను వద్దంటలేను. దీన్ని చూడుండ్రి. మీరు దేవుడని దండం పెడుతున్నరు గదా, అది సచ్చిపోయేటట్టున్నది. ప్రోటీన్ అంటే కండకు బలం, నిజమే. కాని ఎక్కువైందాన్ని ఒళ్లు దాచిపెట్టుకోదు. మూత్రంల బయటికి పంపుతది. దానికి బకెట్లకు బకెట్లు నీళ్లు కావాలె. ఒంట్ల ఏడి పుడుతది. మూడు సుట్లు తిరిగితే నురగ కక్కుతది. మీరు పెళ్లి భోజనం రోజు రెండు పూటలా నలభై ఒక్క దినాలు తినుండ్రి, అప్పుడు మీ సంగతి అడుగుత."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కాని వరుస కదలలేదు. శని భయం ముందు గుర్రం నీళ్ల లెక్క ఎవరికి కావాలి? ముందున్న పెద్దమనిషి తలుపు తొయ్యడానికి చెయ్యి ఎత్తాడు. అప్పుడే సుజన వరుస మధ్యలో, తువ్వాలు నెత్తి మీదుగా కప్పుకుని, దొన్నె కండువా చాటున దాచుకున్న ఒక మనిషిని చూసింది. నామం మాత్రం దాగలేదు.

"అయ్యగారూ! మీరా?"

సందు చివర హనుమాన్ గుడి పూజారి రామానుజం. ఊరందరి శనికీ విరుగుడు చెప్పే మనిషి. జనమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగేసరికి ఆయన తువ్వాలు తీసి నిటారుగా నిలబడ్డాడు. చేసేదేముంది, దొరికిపోయాడు.

"నాకు మాత్రం ఏలినాటి శని రాకూడదా?" అన్నాడు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోనే సందు కొంచెం మెత్తబడింది.

సుజన ఆ అదను దొరికిందే చాలనుకుంది. "అయ్యగారూ, మీరే చెప్పుండ్రి. శని దేవునికి దొన్నె నిండ కావాల్నా? తక్కువైతే మొక్కు తీరదా?"

రామానుజం చేతిలో దొన్నె చూసుకున్నాడు. కాటుకను చూశాడు. లోపల నీడలో నిలబడ్డ చోటే దానికి చెమటలు కారుతున్నాయి, డొక్కలు ఎగసిపడుతున్నాయి. ఇన్నాళ్లూ తను కూడా కళ్లు మూసుకునే పెట్టాడు మరి. ఆయన ముఖం మారింది.

"వినండి" అన్నాడు, గుళ్లో మంత్రం చెప్పే గొంతుతో. "దానం ప్రాణం నిలపాలి గాని తీయకూడదు. ప్రాణం తీసే దానం ఎవరి లెక్కలో పడుతుందో నేను చెప్పక్కర్లేదు. గ్రహాలు తొమ్మిది. గ్రహానికి ఒక్క గింజ. తొమ్మిది గింజలు పెట్టి దండం పెట్టండి. శని బస్తాలు అడగడు, బుద్ధి అడుగుతాడు." ఇలా అని ముందుకొచ్చి, తన దొన్నెలోంచి తొమ్మిది గింజలు ఏరి కాటుక మూతికి అందించి, మిగతావి సక్కుబాయి బేసిన్‌లో తిరిగి పోశాడు.

ముప్పై తొమ్మిదో దినం ఆమె మొదట తల ఊపింది.

"తొమ్మిది గింజలకు దొన్నె ఎవరు కొంటరు, సామీ?" సక్కుబాయి ఏడుపు గొంతుతో అడిగింది.

"గింజలు తొమ్మిది, పైన పచ్చగడ్డి, అత్తా" అంది సుజన. "దొన్నె నిండ గడ్డి పెట్టి అమ్ము. గడ్డి నేను తెప్పించి ఇస్త. గడ్డి ఎంత తిన్నా దానికి మంచిదే. నీ దొన్నె ధర నీదే."

సక్కుబాయి ముక్కు చీది, ఒక్క క్షణం లెక్కలేసుకుని, "గడ్డికైతే నానబెట్టే పని గూడ తప్పుతది" అంది.

ఎనభై మంది తొమ్మిదేసి గింజలు పెడితే పావు కిలో కూడా తూగదు. ఆ కాస్తకు సరిపడా సుజన తన కాగితంలోంచి సోయా పిడికెడు కొట్టేసింది. లెక్క కుదిరింది. కుదరనిది గుండయ్య ఒక్కడే. ఇంతసేపూ ఆయన కిటికీ పక్కన చేతులు కట్టుకునే నిలబడ్డాడు. నిన్న ఒట్టు పెట్టిన చెయ్యి అది. తను కాపాడుతున్నాననుకున్న గుర్రానికి తనే రోజూ కిటికీ తెరిచాడు. సుజన దగ్గరికి పోయి నిలబడింది.

"నిన్న అన్నందుకు మాఫ్ చెయ్యి, కాకా. నువ్వు అబద్ధం ఆడలే."

"ఆడలే" అన్నాడు ఆయన. తర్వాత సందు వైపు చూస్తూ, "ఎవరన్న పదో గింజ పెడితే ఏలు ఇరగ్గొడత" అన్నాడు.

దాదాపు అన్నంత పనీ చేశాడు. మర్నాటి నుంచి కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరి అరచేతిలో గింజలు లెక్కపెట్టి గాని తలుపు దాటనివ్వలేదు. ఒక కానిస్టేబులు పన్నెండు పట్టుకొస్తే మూడు తిరిగి జేబులో వేయించాడు. "సాబ్, గ్రహాలు పెరిగినయా?" అని అడిగాడట. వారం తిరిగేసరికి కాటుక మూడు బకెట్ల నీళ్లకు దిగింది. పదో రోజు సుజన దాని గదిలోకి పోయి గుండె నిండా గాలి పీల్చింది. ఎండుగడ్డి వాసన తప్ప ఇంకేమీ లేదు. అక్కడే గడ్డి మీద కూలబడి, ఎవరూ చూడకుండా సంతోషంతో ఏడ్చింది.

శ్రావణం ఆఖరి ఆదివారం వచ్చింది. పొద్దున ఏడింటికే మైదానం చుట్టూ జనం. ఫ్లైఓవర్ మీద పోయేవాళ్లు కూడా బండ్లు ఆపి తొంగిచూస్తున్నారు. మొక్కులవాళ్లంతా వచ్చారు, ఆ గుర్రం తమదే అన్నంత హక్కుగా. సీతారాం గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. పక్కన ప్రేమ్‌రాజ్, తెల్ల చొక్కా, చేతిలో జరీ కళ్లెం. గుర్రం ఎటూ తనదేనని కళ్లెం కూడా తెచ్చుకున్నాడు పాపం.

సుజన తనే ఎక్కింది. ఇంకెవర్నీ ఎక్కనివ్వలేదు. నాలుగు చుట్లు నడక. నాలుగు చుట్లు చిన్న పరుగు. ఎనిమిదో చుట్టు దాటేసరికి సీతారాం కుర్చీలో ముందుకు జరిగాడు. రెండు వారాల కిందట మూడో చుట్టుకే నురగ కక్కిన గుర్రం మెడ ఇప్పుడు పొడిగా నిగనిగలాడుతోంది. తొమ్మిదో చుట్టులో సుజన కళ్లెం వదులు చేసింది. కాటుక దౌడు తీసింది. ఆ దౌడు చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మట్టి లేచింది, మైదానం గొంతు లేచింది, సక్కుబాయి పీట మీద నిలబడి "మా బంగారు తల్లి!" అని కేకలు పెట్టింది. పదకొండు. పన్నెండు. సుజన ఆపబోయింది. కాటుక వినలేదు, పదమూడోది కూడా తిరిగింది.

దిగగానే సీతారాం స్వయంగా వచ్చి కాటుక మెడ మీద, రొమ్ము మీద, జీను కింద చెయ్యి పెట్టి చూశాడు. జీను కింద కాస్త తడి. అంతే. నురగ ఎక్కడా లేదు.

"ప్రేమ్‌రాజ్ భాయ్, ఆ కళ్లెం ఇంకో గుర్రానికి చూసుకోరాదూ" అన్నాడు.

"రేటు డబుల్ ఇస్త సేట్!"

"నువ్వు సగం రేటు చెప్పినప్పుడు అది సగం గుర్రం. ఇప్పుడు నిండు గుర్రం. అమ్మేది లేదు." సుజన వైపు తిరిగాడు. "ఇవాళ్టి నుంచి పదకొండు గుర్రాల దాణా నీ మాట మీదే నడుస్తుంది. ఎవరన్నా కాదంటే నాతో మాట్లాడమను."

చప్పట్లు మోగాయి. ఎవరో మిఠాయి డబ్బా తెరిచారు. రామానుజం సుజనకు తన పూలదండ ఇచ్చాడు, ఆమె దాన్ని కాటుక మెడలో వేసింది. జీవితంలో మొదటిసారి తన చదువు తనకు ఎత్తుగా కనిపించింది సుజనకు. ఎగిరి గంతెయ్యాలనిపించింది, వేసింది కూడా. ఆ సందడిలో చూస్తే గుండయ్య ఎక్కడా లేడు.

గంట తర్వాత, జనం పలచబడ్డాక, లాయంలో కాటుక ఒళ్లు తుడుస్తూ కనిపించాడు. సుజన రాగానే మొలలోంచి దాణా గది తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. నలభై ఏళ్లలో ఆ తాళంచెవి ఇంకో చేతికి పోవడం అదే మొదటిసారి.

"గెలిసినవ్, బిడ్డా. నా నోటితోని చెప్తున్న. నువ్వు గెలిసినవ్."

"మనం గెలిసినం, కాకా."

ఆయన నవ్వలేదు. గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "అది దౌడు తీస్తుంటే అందరు చప్పట్లు కొట్టిండ్రు. నా పానం నోట్లెకొచ్చింది. సూడలేక లోపలికొచ్చిన. బకెట్ల సల్లటి నీళ్లు పట్కరా."

సుజనకు అర్థం కాలేదు. అయినా మట్టికుండ నీళ్లు తెచ్చింది. కాటుక మూతి ముంచి గటగటా తాగింది. గుండయ్య సుజన భుజం పట్టుకుని గుర్రం పక్కకు తిప్పాడు.

"డొక్క కింద సూడు. కండ్లు తిప్పకు."

సుజన చూసింది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఆ నల్లని నున్నటి చర్మం ఒకచోట దానంతట అదే ఉబ్బింది. లోపలి నుంచి ఎవరో పిడికిలితో నెట్టినట్టు ఒక్కసారి లేచి, మెల్లగా అణిగిపోయింది. మళ్లీ లేచింది.

సుజన చేతిలోంచి తాళంచెవి జారి కింద పడింది.

"సల్లటి నీళ్లకు కడుపుల పిల్ల కదుల్తది. శివరాత్రికెల్లి లెక్క. ఆరు నెలలు నిండినయ్" అన్నాడు గుండయ్య. "సేట్‌కు తెల్వది. డాక్టర్‌కు తెల్వది."

"మన లాయంల మగ గుర్రమే లేదు గదా, కాకా! ఎవరిది? ఎట్ల?"

బయట సీతారాం గొంతు వినిపించింది. సుజనను పిలుస్తూ ఇటే వస్తున్నాడు. గుండయ్య ఆమె చెయ్యి తీసి కాటుక పొట్ట మీద గట్టిగా అదిమాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"నీ లెక్క మస్తు మంచిగున్నది, బిడ్డా. కాని దాంట్ల ఒక ప్రాణం తక్కువ పడ్డది."